598 మంది ఉన్న ఊళ్ళో ఒక అవ్వ నన్ను ఏం అడిగిందో చూడండి! | మా కొలరాడో పల్లె వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? గాలి సౌండ్ వస్తోంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి. పోయిన వారం మా పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏం పాపా, నీ వీడియోల్లో ఎప్పుడు చూసినా ఆ పెద్ద పెద్ద షాపులే. ఆ దేశంలో పల్లెలు లేవా, పేడ లేదా?" అంది. ఉంది పెద్దమ్మా. ఇదిగో కెమెరా తిప్పుతున్నా, చూసుకో.

కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా. మేం ఉండేది కొలరాడో రాష్ట్రంలో దక్షిణం వైపు, అలమోసా అనే చిన్న టౌన్‌లో. మా ఆయన ఉద్యోగం కోసం డల్లాస్ నుంచి వచ్చి పడ్డాం. ఇక్కడ కరివేపాకు రెబ్బ కావాలన్నా డెన్వర్‌దాకా నాలుగు గంటలు పోవాలి. ఈ రోజు మాత్రం అంత దూరం కాదు, 42 మైళ్ళు, అంటే 68 కిలోమీటర్లు. ఊరి పేరు శాన్ లూయిస్. రానూపోనూ పెట్రోలు పది డాలర్లు, డాలరు 85 వేసుకుంటే 850 రూపాయలు. ఈ వీడియోకి అంతయినా వస్తే చాలని మా ఆయన వెక్కిరింపు. కాస్ట్‌కో అనే పెద్ద షాపు వీడియోకి వచ్చినన్ని వ్యూస్ పల్లెకి రావట.

ఈ ఊరు 7,979 అడుగుల ఎత్తులో ఉంది. ఊటీ కంటే ఎక్కువ! కానీ ఊటీని ఊహించుకోకండి. చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలా చదునుగా ఉన్న లోయ, దాన్నిండా ఎండిన పొదలు. మొదటిసారి ఈ రోడ్డు మీద వచ్చినప్పుడు ధర్మవరం నుంచి అనంతపురం పోతున్నట్టే అనిపించింది. అలమోసాలో ఏడాదికి కురిసే వాన ఏడు అంగుళాలు. మనం కరువు జిల్లా అని పేరు పెట్టుకున్న అనంతపురంలోనే ఇరవై రెండు పడుతుంది కదండీ, ఇక్కడ అందులో మూడో వంతు. మరి ఊరి దగ్గర ఈ పచ్చదనం ఎక్కడిది? అదిగో, మే నెల వచ్చినా ఆ కొండల మీద మంచు అలాగే ఉంది చూడండి. సాంగ్రె దె క్రిస్తో కొండలు, అంటే క్రీస్తు రక్తం. వాటిలో కులేబ్రా శిఖరం 14,047 అడుగులు. ఆ మంచు కరిగి కులేబ్రా ఏరు పారుతుంది. కులేబ్రా అంటే పాము. ఆ పాము పారితేనే ఊరు.

కొలరాడోలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్న ఊళ్ళలో అన్నిటికన్నా పాతది ఇదే, 1851లో కట్టారు. కొలరాడో రాష్ట్రం పుట్టింది 1876లో, అంటే ఊరే పాతికేళ్ళు పెద్దది. కట్టినవాళ్ళు కింద న్యూ మెక్సికో వైపు నుంచి గొర్రెలూ ఎడ్లూ తోలుకుని వచ్చిన స్పానిష్ మాట్లాడే కుటుంబాలు. 1848 దాకా ఈ నేల మెక్సికోది. యుద్ధం అయ్యాక అమెరికాది అయింది. అందుకే ఇక్కడి వాళ్ళు, "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అంటారు. నాకు ఠక్కున అర్థమైంది. మా బుక్కపట్నం ఇల్లు ఇంచి కూడా కదల్లేదు, 2022లో అనంతపురం జిల్లా పోయి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. మా అమ్మ ఆధార్ కార్డులో ఇంకా పాత జిల్లానే ఉంది. అది మార్పించడానికి మా తమ్ముడు... సరే, ఆ కథ మొదలుపెడితే ఈ వీడియో అయిపోతుంది.

జనాభా చెప్తా, నవ్వకండి. 2000లో 739 మంది, 2010లో 629, 2020 లెక్కల్లో 598. మా అన్న పెళ్ళిలో వేసిన విస్తర్లే అంతకంటే ఎక్కువ! అయినా ఇది జిల్లా కేంద్రం, ఇక్కడ కౌంటీ అంటారు. కోస్టీయా కౌంటీ మొత్తానికి 3,499 మంది. చదరపు కిలోమీటరుకి మనిషి ఒక్కడు. 2011లో అనంతపురం జిల్లాలో 213 మంది. ఈ కౌంటీలోనే 1940లో ఏడున్నర వేల మంది ఉండేవారట. తర్వాత పిల్లలు పనుల కోసం నగరాలకి పోయారు, ముసలివాళ్ళు మిగిలారు. ఇదిగో ఈ వీధి చూడండి, తాళం, తాళం, కుక్క, తాళం. మా వీధి వీడియో తీసినా ఇప్పుడు ఇట్లాగే ఉంటుందేమో.

ఇక నేను అసలు వచ్చింది ఈ కాలువ కోసం. చూడ్డానికి మామూలు మట్టి కాలువ, ఎగిరి దూకేయొచ్చు. శాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ అంటారు, 1852 ఏప్రిల్‌లో తవ్వారు. ఈ రాష్ట్రంలో ఆగకుండా వాడుకలో ఉన్న నీటి హక్కుల్లో మొదటిది ఇదే. ఇక్కడి చట్టంలో ముందు తవ్వుకున్నవాడిదే ముందు హక్కు. కరువొస్తే డబ్బున్నవాడూ పెద్ద రైతూ కాదండీ, పాత కాలువకే మొదట నీళ్ళు.

ఇలాంటి కాలువని వీళ్ళు అసేకియా అంటారు. అది అరబ్బీ నుంచి స్పెయిన్‌కి పోయి, అక్కడి నుంచి ఇక్కడికొచ్చిన మాట. ఏటా నీళ్ళు వదిలే ముందు రైతులంతా పారలు పట్టుకొచ్చి పూడిక తీస్తారు. ఎవరి మడి ఏ రోజు, ఎంతసేపు తడపాలో చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు, మయోర్డోమో. ఆ మాట వినగానే నేను కారులోనే గట్టిగా అరిచేశా, "ఏయ్, మన నీరుగంటి!" అని. పక్కన ఎవరూ లేరు లెండి. మా చెరువు కింద నీరుగంటి తాత ఉండేవాడు. తూము దగ్గర కూర్చుని, ఎవరి వంతు ఎప్పుడో వేళ్ళ మీద లెక్క చెప్పేవాడు. ఆయన మాటకి రెడ్డీ లేదు, బోయా లేదు. ఇప్పుడు మా చెరువుకి నీరుగంటి లేడు, అందరికీ బోర్లే. ఇక్కడ మయోర్డోమో ఇంకా ఉన్నాడు. చూస్తే కొంచెం కుళ్ళు పుట్టింది, అబద్ధం ఎందుకు.

పొలాలు చూడండి, రిబ్బన్ ముక్కల్లా ఎంత సన్నగా, పొడుగ్గా ఉన్నాయో. వెడల్పుని 'వారా' అనే స్పానిష్ కొలతతో కొలిచేవాళ్ళు. ఒక వారా 33 అంగుళాలు. ఏటి ఒడ్డు నుంచి కొండదాకా ఒకటే చీలిక. ప్రతి ఇంటికీ కొంచెం నీళ్ళూ, కొంచెం మడీ, కొంచెం మెట్టా రావాలని అట్లా పంచారు. ఎంత తెలివి! తర్వాత అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా ఆ చీలిక ఇంకా సన్నబడింది. అదొక్కటీ మీకు నేను చెప్పక్కర్లేదు.

పక్కన ఈ ఖాళీ బయలు పేరు లా వేగా. 633 ఎకరాలు, ఊరందరిదీ, పశువుల మేతకి. మన మేత పోరంబోకు అనుకోండి, కాకపోతే దీన్ని ఎవరూ మింగలేదు. కొండ విషయంలో మాత్రం అలా జరగలేదు. 1960లో జాక్ టేలర్ అనే ఆయన ఆ కొండల్లో 77 వేల ఎకరాలు కొని కంచె వేశాడు. అప్పటిదాకా జనం అక్కడే పశువులు మేపుకునేవాళ్ళు, వంటచెరకు తెచ్చుకునేవాళ్ళు. 1981లో కోర్టుకెక్కారు, 2002లో రాష్ట్ర సుప్రీంకోర్టు మేతకీ కట్టెలకీ హక్కు ఉందని చెప్పింది. కేసు వేసినవాళ్ళలో కొందరు తీర్పు చూడకుండానే పోయారు. దీనికే ఒక వీడియో చేయాలి, కామెంట్‌లో అడిగితే చేస్తా.

అదిగో ఆ గుట్ట మీద తెల్లగా ఉన్నది చాపెల్, అంటే చిన్న చర్చి. దారి పొడుగునా సిలువ యాత్ర కంచు విగ్రహాలు, ఉబెర్తో మాయెస్తస్ అనే ఇక్కడి శిల్పి చేశాడు. మైలు కూడా లేదు, కానీ ఈ ఎత్తులో అలిపిరి మెట్లు గుర్తొచ్చాయి. ఎక్కాను, ఆయాసపడ్డాను, అక్కడ తీసిన క్లిప్పంతా నా ఊపిరే వినిపిస్తోందని తీసేశా.

దిగి వస్తుంటే ఒక అవ్వ, ఇంటి ముందు మొక్కలకి నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి స్పానిష్‌లో గబగబా ఏదో అడిగింది. నా రంగూ జడా చూసి ఈ వైపు వాళ్ళలో ఒకతిననే అనుకుంటారండీ, ఎప్పుడూ ఇంతే. డుయోలింగో యాప్‌లో కొంచెం స్పానిష్ నేర్చుకున్నాను కాబట్టి ఏ ఊరు అని అడిగిందనుకుని "ఇండియా" అన్నా. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ మెల్లగా అడిగింది, "దె కియెన్ ఎరెస్?" ఏ ఊరు కాదు. నువ్వు ఎవరి పిల్లవి అని.

ఆరేళ్ళయింది ఈ దేశం వచ్చి. ఎక్కడి నుంచి వచ్చావని వెయ్యిమంది అడిగారు. ఎవరి పిల్లవని ఒక్కరూ అడగలేదు. నోట్లోంచి మా నాన్న పేరు వచ్చేసింది. ఇంటిపేరుతో సహా. అవ్వ నిజంగా ఆలోచించిందండీ! నీళ్ళ పైపు పక్కన పడేసి, "చామా వాళ్ళా? శాన్ పాబ్లో వాళ్ళా?" అని పక్క ఊళ్ళ పేర్లన్నీ అడిగింది. కాదంటే, "అయితే నాకు తెలీదు" అని బాధపడింది. మా నాన్న పోయి మూడేళ్ళయింది. వీసా గొడవల్లో నేను వెళ్ళలేకపోయా... సర్లెండి.

ఆవిడ మాటల్లో 'ముచో'ని, అంటే 'చాలా' అనే మాటని, 'ముంచో' అంది. నేను తప్పనుకున్నా. అది వీళ్ళ పాత స్పానిష్. కొండల మధ్య ఉండిపోవడంతో ఆ పాత మాటలు అట్లాగే నిలిచాయి.

వస్తూ చీకోస్ కొన్నా. లేత మొక్కజొన్న పొత్తుల్ని పొట్టుతోనే ఓర్నోలో, అంటే బోర్లించిన కుండలా ఉండే మట్టి పొయ్యిలో పెట్టి, మూతికి మట్టి మెత్తి రాత్రంతా మగ్గనిస్తారు. తర్వాత ఎండబెట్టి గింజలు వలుస్తారు. మూత విప్పితే కాల్చిన పొత్తు వాసన గుప్పుమంటుంది. అర కిలో కూడా రాదు, పన్నెండు డాలర్లు. వెయ్యీ ఇరవై రూపాయలు! పెద్దమ్మా, ఈ ముక్క నువ్వు వినలేదు, సరేనా.

ఇప్పుడు ఇంట్లో ఉన్నా. రాత్రంతా నానబెట్టి, బొలీతా అనే ఇక్కడి చిక్కుడు గింజలు కలిపి కుక్కర్ పెట్టా. తిరగమోతలో ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి గుగ్గిళ్ళలా చేద్దామని ప్లాన్. ఈ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో అయితే కందిపప్పే గంటన్నర. ఇది ఎనిమిదో విజిల్. మూత తీసి చూశా, గింజ ఇంకా గోలీలా ఉంది. మా ఆయన ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో నాలుగు రానీ అన్నా.