మాస్టారి పుట్టినరోజున మాస్టోడాన్ మాటలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని నాకు చీటీ ఇచ్చారు గానీ, ఆ పేర్లన్నీ అధ్యక్షులు మాస్టారు ఇందాకే చదివేశారు, శాలువాలూ కప్పేశారు, నా పదిహేను నిమిషాల్లో నాలుగు ఆ శాలువాలకే పోయాయి. కాబట్టి చీటీ మడిచి పర్సులో పెట్టేస్తున్నాను. ఎవరూ ఏమీ అనుకోకండి.

ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన గురించి మాట్లాడమని పిలిచారు. 1880లో ఈ పర్లాకిమిడికి బడి పంతులుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని పోరాడి, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని వాళ్ళకి వాచకాలూ నిఘంటువూ రాసిన మనిషి. ఇవన్నీ మీకు తెలుసు, ఏటా ఇదే హాల్లో వింటున్నారు. నాకు మాత్రం ఆయన గురించి తలుచుకుంటే ఒక్కటే గుర్తొస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వచ్చింది, మన ఊరు అందులోకి వెళ్ళింది, మాస్టారు అన్నేళ్ళు ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనవాళ్ళు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. నా గొడవంతా అక్కడే మొదలు.

మాది కొమ్ము పని ఇల్లు. నాన్న గేదె కొమ్ముని కాచి మెత్తబరచి, వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలూ దువ్వెనలూ చేస్తారు. నాకు ఆ పని చేతికి రాలేదు, ఇంకు బొమ్మలు వచ్చాయి. పాత స్టేషను, మహేంద్రతనయ ఏటి ఒడ్డు, సంతలో చింతపండు అమ్మే ముసలమ్మ, ఇవే గీస్తాను. ఒకసారి ఇటు ఒడిశా వైపు ఒక ప్రదర్శనకి పంపితే "మీరు తెలుగువాళ్ళు కదా, అటు పంపుకోండి" అన్నారు. అటు ఆంధ్రాకి పంపితే "మీ అడ్రసు ఒడిశా కదా" అన్నారు. ఆంధ్రాలో ఉన్న పాతపట్నం మనకి ఎంత దూరం చెప్పండి, ఆటోలో పోయి టీ తాగి వస్తాం. బొమ్మకి మాత్రం అదే పెద్ద సముద్రం అయిపోయింది.

సరే, ఫోన్లో పెట్టుకుందాం, అక్కడ సరిహద్దులుండవు కదా అనుకున్నాను. అందరూ వాడే పెద్ద యాప్‌లోనే పెట్టాను. మూడేళ్ళు పెట్టాను. నన్ను ఫాలో అయ్యేవాళ్ళకే నా బొమ్మ కనపడదు! కనపడాలంటే డబ్బు కట్టి బూస్ట్ చేసుకోమంటుంది. బొమ్మ కాదు, బొమ్మ గీస్తున్నట్టు పాట పెట్టి వీడియో తీస్తే చూస్తారని ఎవరో చెబితే అదీ చేశాను. కెమెరా కేసి నవ్వుతూ గీతలు గీయాలి. చూసినవాళ్ళు బొమ్మ గురించి కాదు, నా చీర ఎక్కడ కొన్నానో అడిగారు. నాన్న అయితే, "ఏటే, ఎవుడికోసమే ఈ నవ్వు?" అన్నారు. ఆ మాటతో ఆపేశాను.

2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారినప్పుడు చాలామంది మాస్టోడాన్ అనే అలాంటి ఇంకో చోటికి వెళ్ళిపోతున్నారని చదివి, నేనూ వెళ్ళాను. మొదట తల తిరిగింది. ఖాతా తెరుద్దామంటే "ఏ సర్వరులో?" అని అడుగుతుంది. సర్వరు అంటే మన ఖాతాలూ పోస్టులూ దాచి ఉంచే కంప్యూటరు. ఇది ఒక కంపెనీ చేతిలో ఉన్నది కాదు. యూజెన్ రోచ్కో అనే కుర్రాడు జర్మనీలో 2016లో మొదలుపెట్టాడు, కానీ ఎవరైనా తమ సర్వరు తాము నడుపుకోవచ్చు. చిత్రకారులది ఒకటి, సైన్సు వాళ్ళది ఒకటి, ఒక ఊరివాళ్ళది ఒకటి, ఇలా వేలున్నాయి. ఒక సర్వరు మనిషి ఇంకో సర్వరు మనిషితో మాట్లాడతాడు.

అదెలా అంటే, మన నౌపడా బండి గుర్తుందా? పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. నేరో గేజ్ రోజుల్లో, అంటే ఇరుకు పట్టాల రోజుల్లో, నౌపడాలో దిగి, మూటలు మోసుకుని, పెద్ద బండి ఎక్కాలి. గేజ్ మార్చాక విశాఖపట్నం నుంచి బండి తిన్నగా మన ఊరు మీదుగా గుణుపురం పోతోంది. ఈ సర్వర్లకి కూడా ఒక గేజ్ ఉంది, దాని పేరు యాక్టివిటీపబ్, 2018లో దాన్ని వెబ్ ప్రమాణంగా ఒప్పుకున్నారు. పట్టాలు కలిస్తే చాలు, స్టేషను ఎవరిదైతే ఏంటి? నన్ను "అటా ఇటా" అని అడగని చోటు అదొక్కటే కనపడింది నాకు.

గొప్పలు చెప్పడానికి రాలేదు నేను. అక్కడ జనం తక్కువ, తెలుగువాళ్ళు మరీ తక్కువ. నా మొదటి సర్వరు నడిపే ఆయన సొంత డబ్బుతో నడిపి, ఇక చాలక, ముందుగా చెప్పి మూసేశాడు. వేరే సర్వరుకి మారాను. ఫాలో అయ్యేవాళ్ళు నాతో వచ్చారు, పాత పోస్టులు మాత్రం రాలేదు. (గిడుగు వారూ అంతే కదా, వెళ్ళిపోతూ ఊరిని వెంట తీసుకెళ్ళలేకపోయారు.) అమ్మకాలా? మూడు బొమ్మలు. అక్కడికి వచ్చినవాళ్ళు వరసగా, పెట్టిన టైము ప్రకారమే చూస్తారు, ముందుకి తోసే యంత్రం లేదు. బూస్ట్ అనేది అక్కడా ఉంది, కానీ డబ్బు లేదు, నచ్చితే ఇంకొకరు తమవాళ్ళకి చూపిస్తారు, అంతే.

అధ్యక్షులు మాస్టారు గడియారం చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను, అసలు దీనికోసమే వచ్చాను.

నాన్న చేతులు గీశాను. ఆకురాయి పట్టుకున్న చేతులు, కింద కొమ్ము పొడి. పెట్టిన పావుగంటకి ఒకావిడ, "బొమ్మకి వివరణ రాయలేదేం, చూపు లేనివాళ్ళం మేమూ ఉన్నాం కదా" అని అడిగారు. తెలుగులోనే. మాస్టోడాన్‌లో అది అలవాటు, బొమ్మలో ఏముందో మాటల్లో రాస్తారు, ఫోను వాళ్ళకి చదివి వినిపిస్తుంది. నిజం చెప్పొద్దూ, నాకు చిరాకేసింది. గీసిందే కష్టపడి, మళ్ళీ రాయాలా? అయినా కూర్చున్నాను. పోస్టుకి 500 అక్షరాలే గానీ వివరణకి 1500 ఇస్తారు. మూడు రాత్రులు పట్టింది. "ఒక ముసలాయన చేతులు" అని రాస్తే అది నాన్న కాదు. ఎడమ బొటనవేలి గోరు చీలి ఉంటుంది, ఆకురాయి ఒరుసుకుని. పాతికేళ్ళుగా చూస్తున్న ఆ గోరు బొమ్మలో గీయలేదని రాస్తుంటే తెలిసింది. మళ్ళీ గీశాను.

వివరణ పెట్టాక ఆవిడ రాశారు: "గోరు అర్థమైంది. అరగదీస్తుంటే వాసన ఎలా ఉంటుంది?"

మూడేళ్ళు ఆ పెద్ద యాప్‌లో ఉన్నాను, ఒక్కరు అడగలేదు ఈ మాట. నాన్నని అడిగితే "వాసనా? ఏటి వాసన?" అన్నారు. నలభై ఏళ్ళు అందులోనే ఉన్నారు, ఆయనకి తెలీదు. నేనూ అందులోనే పుట్టాను, నాకూ తెలీదు. కాలిన వెంట్రుకల్లా అని రాద్దామనుకున్నాను, అది కాచినప్పటిది, అరగదీసినప్పటిది వేరు.

ఆవిడకి ఇంకా జవాబు రాయలేదు. అందుకే అడుగుతున్నాను, మీలో బయటూళ్ళ నుంచి ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు ఉంటారు, మా వీధిలోంచి మొదటిసారి నడిచినప్పుడు ఆ వాసన మీకు తగిలే ఉంటుంది. కాస్త చేయి ఎత్తండమ్మా. పెన్ను ఉంది నా దగ్గర, ఆ పేర్ల చీటీ వెనకాలే రాసుకుంటాను.