పాటదారు లేని వేలం: 1928లో బార్డోలీ పత్తి రైతులు

[దృశ్యం: తెల్లవారుజాము. వరంగల్ ఎనుమాముల మార్కెట్. పత్తి బస్తాల వరుసలు.]

పత్తి కాలంలో ఒకసారి తెల్లవారకముందే ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. రాత్రంతా ట్రాలీలోనే కునుకు తీసిన రైతు, బస్తా మూతి విప్పి పక్కన నిలబడి ఉంటాడు. వ్యాపారి లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీస్తాడు. వేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చూస్తాడు, అరచేతిలో నొక్కి తేమ ఎంతుందో అంచనా వేస్తాడు. కాసేపటికి జెండా పాట, అంటే ధర కోసం వేలం, మొదలవుతుంది. ఆ పాట ఎవరూ అందుకోకపోతే? ఆ మాట తలచుకోవడానికి కూడా ఏ రైతూ ఇష్టపడడు.

అయితే 1928లో, ఇదే పత్తి పండించే రైతులు, తమ సొమ్ము వేలానికి వస్తే ఒక్కరు కూడా పాడకూడదని కోరుకున్నారు. అది గుజరాత్‌లో, సూరత్ జిల్లాలోని బార్డోలీ తాలూకా. 137 ఊళ్లు, సుమారు 88 వేల జనం.

[దృశ్యం: పటం. సూరత్, బార్డోలీ.]

గొడవ శిస్తు లెక్కతో మొదలైంది. బొంబాయి ప్రభుత్వం ముప్పై ఏళ్లకోసారి భూమి శిస్తును సవరించేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పత్తి ధర బాగా పెరిగిందని, రైతు చేతిలో డబ్బు ఆడుతోందని చూపించి, సర్వే చేసిన అధికారి శిస్తును 30 శాతం పెంచాలని రాశాడు. ప్రభుత్వం దాన్ని 22 శాతానికి తగ్గించి ఖాయం చేసింది. అప్పటికే పత్తి ధర పడిపోయింది. లెక్కేమో మంచి రోజులది, వసూలేమో చెడ్డ రోజుల్లో. పత్తి వేసిన ఇంట పుట్టినవారికి ఇందులో విడమరచి చెప్పాల్సింది ఏమీ లేదు.

ఒక సంగతి గమనించండి. శిస్తు అసలే కట్టబోమని వాళ్లు అనలేదు. పాత శిస్తు కడతాం, దాన్నే పూర్తి చెల్లింపుగా తీసుకోండి, లేదంటే స్వతంత్ర విచారణ జరిపి లెక్క మళ్లీ తేల్చండి అన్నారు. అంతవరకు పైసా కట్టబోమని 1928 ఫిబ్రవరి 12న తీర్మానించారు. హిందువులు దేవుడి పేరున, ముస్లింలు ఖుదా పేరున ప్రమాణం చేశారు. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వం వహించారు. ఆయనకు సర్దార్ అన్న పేరు స్థిరపడింది ఈ పోరాటంలోనే.

నిజానికి బార్డోలీ ఆరేళ్ల ముందే ఇందుకు సిద్ధమైంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీజీ అంతా ఆపేయమన్నారు. గుంటూరు జిల్లా పెదనందిపాడులో అప్పటికే సాగుతున్న పన్నుల నిరాకరణ కూడా ఆ రోజుల్లోనే నిలిచిపోయింది.

[దృశ్యం: పాత దస్త్రాలు, తాళం వేసిన కచేరీ తలుపు.]

మన వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. అయినా ఈ పోరాటం ఎలా నడిచిందో మన పెద్దవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. 1980లలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా మన ఊళ్లో సర్కారు అంటే మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ. ఎవరి భూమి ఎంత, ఎవరి బాకీ ఎంత అన్నది పట్వారీ దస్త్రంలో ఉండేది. బార్డోలీలోనూ అంతే. అక్కడి పట్వారీని తలాటీ అంటారు. పటేళ్లు, తలాటీలు చాలామంది రాజీనామా చేశారు. ఏ ఇంటికి వెళ్లాలో, ఏ చేను ఎవరిదో చూపించే మనిషి పై అధికారికి దొరకలేదు.

ఇక జప్తులు మొదలయ్యాయి. ఈ పోరాటంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఇదే.

జప్తు చేసేవాళ్లు వస్తున్నారంటే ముందే డప్పు మోగేది, శంఖం ఊదేవారు. వాళ్లు ఊళ్లోకి వచ్చేసరికి అన్ని తలుపులకూ గొళ్లాలు. గేదెలను ఎత్తుకుపోతారని వాటినీ ఇంట్లోకి తోలి తలుపులు మూసేవారు. ఒక్క రోజు కాదు, నెలల తరబడి. నడి వేసవి. ఒకే గదిలో పొయ్యి, పిల్లలు, పేడ, గేదెల ఊపిరి. గడ్డీ నీళ్లూ ఆ చీకట్లోనే పెట్టాలి. ఎండ తగలక గేదెల చర్మం రంగు వెలిసిపోయిందని చెప్పుకొనేవారు. సత్యాగ్రహం అనగానే మనకు ఊరేగింపు, నినాదం గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం అదంతా చాలావరకు ఆడవాళ్ల భుజాల మీద, ఆ ఉక్కపోతలో, ఇంటి లోపల జరిగింది.

దొరికిన పశువులనూ సామాన్లనూ తీసుకెళ్లి వేలం పెడితే? ఊరివాళ్లు పాడరు. బండి కట్టేవాడు రాడు. కొన్ని భూములను మాత్రం బయటివాళ్లు కారుచౌకగా కొన్నారు. మాట తప్పిన వాళ్లను ఊరు వెలివేసింది. వెలి ఎంత కఠినమైనదో పల్లెలో పుట్టినవారికి తెలుసు. ఎవరికీ నీళ్లూ తిండీ ఆపవద్దని గాంధీజీ హెచ్చరించాల్సి వచ్చింది.

మరొక మాట దాటేసి వెళ్లలేను. బార్డోలీ భూస్వాముల పొలాల్లో హాలీలు ఉండేవారు. తీసుకున్న బాకీ కింద తరతరాలుగా పనిచేసే కూలీలు. మన దగ్గర భగేలా అన్నది అలాంటిదే. శిస్తు పోరాటం వాళ్ల బాకీ జోలికి పోలేదు. శిస్తు భూమి ఉన్నవాడి సమస్య, హాలీకి భూమి లేదు.

[దృశ్యం: సంతకాలున్న కాగితం.]

వేసవి గడిచేసరికి బొంబాయి శాసనమండలిలో కొందరు సభ్యులు పదవులు వదులుకున్నారు, దేశమంతా బార్డోలీ వైపు చూసింది. ఆగస్టు మొదట్లో ఒప్పందం కుదిరింది. ఖైదీల విడుదల, జప్తయిన భూములు వెనక్కి, తలాటీలకు మళ్లీ ఉద్యోగాలు, శిస్తుపై విచారణ. ఆ విచారణకు ఇద్దరు అధికారులను వేశారు. రెవెన్యూ వైపు నుంచి మాక్స్‌వెల్, న్యాయశాఖ నుంచి బ్రూమ్‌ఫీల్డ్. ఇద్దరూ ఊరూరా తిరిగి రైతులను అడిగారు, సర్వేలో రాసిన కౌలు లెక్కలు నమ్మదగినవి కావని తేల్చారు. 22 శాతం పెంపు ఆరు శాతం దగ్గరకు వచ్చి ఆగింది.

ఆ బ్రూమ్‌ఫీల్డ్ ఎవరో తెలుసా? 1922 మార్చిలో అహ్మదాబాద్‌లో గాంధీజీకి ఆరేళ్ల జైలు శిక్ష వేసిన న్యాయమూర్తి ఆయనే.