నక్షత్రం అరిగితే చుక్క అయిపోదు

అందరికీ నమస్కారం. బల్లల మీద నాణేలు చూసుకోవాల్సిన సమయంలో నా మాట వినడానికి కూర్చున్నారు, సంతోషం.

పొద్దున తలుపులు తెరవగానే ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన మాస్టారు. జేబురుమాలు మడతలోంచి ఒక రూపాయి నాణెం తీసి నా చేతిలో పెట్టి, "బాబూ, దీని మీద టంకశాల గుర్తు లేదు. ఇలాంటిదానికి లక్ష ఇస్తారని ఫోన్‌లో వీడియో చూశాను, నిజమేనా?" అని అడిగారు. అది 1992 నుంచి వచ్చిన స్టీల్ రూపాయి. తేదీ కింద ఖాళీగా ఉంది. అది తప్పు కాదు మాస్టారూ, కోల్‌కతా టంకశాల గుర్తు వేయదు, ఆ ఖాళీయే దాని గుర్తు అని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. అది చూశాక, నేను రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి ఈ సంగతే వివరంగా చెప్పాలనిపించింది.

మన దేశంలో నాణేలు నాలుగు చోట్ల తయారవుతాయి. కోల్‌కతా సంగతి చెప్పాను. ముంబైది డైమండ్ గుర్తు. నోయిడాది గుండ్రటి చుక్క. ఆ టంకశాల 1988లో మొదలైంది కాబట్టి, అంతకుముందు తేదీ ఉన్న నాణెం మీద చుక్క కనిపిస్తే నోయిడా అనుకోకండి. ఇక మన హైదరాబాద్‌ది ఐదు కొనల నక్షత్రం. నిజాం కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలై, 1903లో సైఫాబాద్‌కి మారి, 1997లో చర్లపల్లికి వెళ్లిన టంకశాల అది. మన జేబులో చిల్లర తీస్తే అందులో ఒకటైనా అక్కడిది ఉంటుంది. నక్షత్రం కనిపించిన ప్రతిసారీ మనూరి మనిషిని బస్టాండులో చూసినట్టు ఉంటుంది నాకు.

చిక్కంతా ఈ నక్షత్రంతోనే వస్తుంది. నాణెం చేతులు మారే కొద్దీ కొనలు అరుగుతాయి. మామూలు కంటికి అది చుక్కలా కనిపిస్తుంది. హైదరాబాద్ నాణెం నోయిడా అయిపోతుంది, ఆ ఏడాది నోయిడాలో అది తయారే కాకపోతే "కొత్త రకం" అని ఒక పుకారు పుడుతుంది. పది రెట్లు పెద్దది చేసి చూపించే లెన్స్ తీసుకోండి. లైటు ఒక పక్క నుంచి పడేలా పట్టుకుని నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. నోయిడా చుక్క అన్ని వైపులా సమానంగా, బొడిపెలా ఉంటుంది. అరిగిన నక్షత్రం చుట్టూ నీడ ఒకేలా పడదు. ఎక్కడో ఒక కొన మొండిగా పొడుచుకొస్తుంది, రెండు కొనల మధ్య చిన్న నొక్కు కనిపిస్తుంది. అప్పుడు పక్కనున్న ధాన్యపు కంకుల వైపు చూడండి. కంకులు కూడా అరిగి ఉంటే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదలే. కంకులు కొత్తగా మెరుస్తూ గుర్తు మాత్రమే మసకగా ఉంటే, తప్పు టంకశాలలోనే జరిగి ఉండొచ్చు.

ఎలాగంటారా? నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించే ప్రతిదీ అచ్చులో, అంటే డైలో, గుంటగా ఉంటుంది. గుర్తు చాలా చిన్న గుంట. అందులో గ్రీజు, లోహపు పొడి చేరి గట్టిపడితే, దెబ్బ పడినప్పుడు లోహం అందులోకి పోదు. ముంబై నాణెం మీద డైమండ్ మాయమై, కోల్‌కతా నాణెంలా కనిపిస్తుంది. ఇది నిజమైన లోపమే. అయితే దీన్ని గుర్తుపట్టాలంటే అంకెల ఆకారం, అక్షరాల మధ్య ఎడం, అదే ఏడాది ముంబై నాణెంతో పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒక్క నాణెం పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకండి.

పాత నాణేల్లో చుక్కకి ఇంకా పెద్ద కథ ఉంది. విక్టోరియా రూపాయి మీద 1862 అనే తేదీని ఎన్నో ఏళ్లు మార్చకుండా ముద్రించారు. బొంబాయిలో కొట్టినవాటికి తేదీ దగ్గర ఉన్న చుక్కలు లెక్కపెట్టి అసలు ఏడాది తెలుసుకోవాలి. ఐదో జార్జి రూపాయికి బొరుసు వైపు అడుగున ఉన్న పువ్వు కింద చిన్న ఉబ్బు చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. ఆ జార్జి రూపాయిల్లోనే 1911 నాటి 'పంది రూపాయి' ఉంది. రాజు దుస్తుల మీది హారంలో ఏనుగు తొండం పొట్టిగా చెక్కడంతో జనానికి అది పందిలా కనిపించింది. గొడవ అవడంతో చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు, 1912లో తొండం సరిచేశారు. విలువైన నాణెమే, కానీ నా లెక్కలో అది ఎర్రర్ కాయిన్, అంటే లోపంతో వచ్చిన నాణెం, కాదు. అచ్చు ఎలా చెక్కారో నాణెం అలాగే వచ్చింది. అది రకం, లోపం కాదు. ఈ తేడా కుర్రవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి.

లోపం అంటే తయారీలో ఏదో జారడం. బొమ్మ ఇంకా పడని ఖాళీ లోహపు బిళ్ళ కత్తిరించేటప్పుడు అంచు తెగిపోవచ్చు. దెబ్బ పడేటప్పుడు బిళ్ళ పక్కకి జరిగి సగం బొమ్మే రావచ్చు. పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ళ ఒక పక్కకి జరగొచ్చు. అన్నింటిలోకి నాకు ఇష్టమైనది లఖీ. కొట్టిన నాణెం బయటికి రాకుండా అచ్చుకే అతుక్కుపోతుంది. తర్వాత వచ్చిన బిళ్ళకి ఒక వైపు అచ్చు తగులుతుంది, రెండో వైపు ఆ అతుక్కున్న నాణెమే అచ్చుగా తగులుతుంది. దాంతో రెండు వైపులా ఒకే బొమ్మ, ఒక వైపు ఉబ్బెత్తుగా, ఇంకో వైపు లోపలికి, అద్దంలో చూసినట్టు తిరగబడి.

కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర అలాంటిది రెండు వేలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి లెన్స్ కింద పెడితే గుండె జారిపోయింది. లోపలికి దిగిన బొమ్మ కింద అసలు బొరుసు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. వెనక వైపు ఎత్తుగా ఉండాల్సిన చోట్లు చదునుగా నలిగి ఉన్నాయి. అంటే రెండు నాణేలు కలిపి వైస్‌లో, అదే వర్క్‌షాపుల్లో వస్తువుని బిగించి పట్టే ఇనుప పట్టులో, పెట్టి నొక్కారు. ఆ నాణెం ఇవాళ నా బల్ల మీద మొదటి డబ్బాలో ఉంది. అందరూ చేత్తో పట్టుకుని చూడండి, అమ్మడానికి కాదు.

అక్షరాలు రెండుగా కనిపించినా తొందరపడకండి. అచ్చులోనే జంట పడితే రెండో గీత కూడా గుండ్రంగా, నిండుగా ఉంటుంది, అక్షరం చివర చీలిక కనిపిస్తుంది. దెబ్బ పడ్డాక అచ్చు కొంచెం కదిలితే మాత్రం అక్షరం పక్కన పలచని మెట్టు ఏర్పడుతుంది. రెండోదానికి పెద్ద విలువ లేదు.

లోహం మారిందని అనుమానం వస్తే త్రాసు, అయస్కాంతం చాలు. పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) ఐదు రూపాయలు 9 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోదు. తర్వాత వచ్చిన స్టీల్‌ది 6 గ్రాములు, అంటుకుంటుంది. 1992 రకం స్టీల్ రూపాయి 4.85 గ్రాములు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాత నాణేలు కొంటామని చెప్పి ముందు ఫీజు, టాక్స్, కమీషన్ అడిగేవాళ్ల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తన పేరుతో అలాంటి డబ్బు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు వస్తాయని మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ వస్తే, పక్కన కూర్చుని ఆ ఫోన్ మీరు తీసుకోండి.

మాస్టారు ఇంకా ఆ మూల బల్ల దగ్గరే ఉన్నారు. నా లెన్స్ ఆయన చేతిలోనే ఉంది. ఇందాక తన పర్సులో చిల్లరంతా బల్ల మీద పోసి, ఏది ఏ టంకశాలదో వేరు చేసి పేర్చుకుంటున్నారు. నక్షత్రాలు పదకొండు వచ్చాయట. పన్నెండోది నక్షత్రమో చుక్కో తేలట్లేదని నన్ను రమ్మంటున్నారు. మీరూ రండి, కలిసి చూద్దాం.