తాతయ్య ఫియట్‌ను ఎంత దించాలి?

మేనల్లుడు: నమస్కారమండి. ఈ ఎపిసోడ్ రావులపాలెంలో మా మావయ్య షెడ్డులో రికార్డు చేస్తున్నాం. పైన రేకుల మీద కొబ్బరాకులు రాసుకునే చప్పుడు మధ్యమధ్యలో వినిపిస్తుంది. మా ఎదురుగా తాతయ్య ఫియట్ 1100 డిలైట్ ఉంది, 1971 నాటిది. దీన్ని కాస్త కిందకి దింపాలని నా కోరిక. మావయ్య సగం ఒప్పుకున్నారు.

మావయ్య: నువ్వు తాతయ్య కారంటున్నావు, నాకది మా నాన్న కారు. అందుకే ఇన్ని ప్రశ్నలు వేస్తున్నాను. అసలెందుకు దించాలో చెప్పు.

మేనల్లుడు: రెండు కారణాలండి. చక్రం పైన మడ్‌గార్డు దగ్గర చెయ్యి దూరేంత ఖాళీ ఉంది, చూడ్డానికి బాగోలేదు. రెండోది, హైవే మీద కొంచెం వేగంగా మలుపు తిప్పితే బండి బాగా ఒరిగిపోతోంది.

మావయ్య: మొదటిది ముచ్చట, రెండోది రోగం. రెండింటికీ ఒకే మందు వెయ్యకూడదు. పొద్దున్న ముందు మూలమీద గట్టిగా నొక్కి వదిలాం కదా, ఏమైంది?

మేనల్లుడు: మూడుసార్లు ఊగింది.

మావయ్య: ఒకసారి లేచి కుదురుకోవాలి. అంటే ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్లు, మన షాకులు, అయిపోయాయి. రబ్బరు బుష్‌లు ఎండి బీటలిచ్చాయి. ఇవి మార్చకుండా కొత్త స్ప్రింగులేస్తే డబ్బులు కాలవలో పోసినట్టే. షాకులు, బుష్‌లు వేశాక ఒక నెల నడుపు. నీ ఒరుగుడు సగం అక్కడే పోతుంది.

మేనల్లుడు: ఎత్తు కూడా కొలిచాం. నేను నేల నుంచి కొలవబోతే మీరు ఆపారు.

మావయ్య: టైరులో గాలి తగ్గితే నేల నుంచి కొలత మారిపోతుంది. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి, నాలుగు వైపులా. మన బండి కుడి ముందు పక్క ఎడమ కంటే 12 మిల్లీమీటర్లు కిందకి ఉంది. యాభై ఏళ్ళకు పైగా డ్రైవరు బరువు మోసిన స్ప్రింగు అది. దీని మీద నువ్వు ఇంకో అంగుళం దించితే బండి కుంటినట్టు కనిపిస్తుంది. ఏ పని చేసినా ముందు చక్రాల స్ప్రింగులు రెండూ కలిపే మార్చాలి.

మేనల్లుడు: చాలామంది స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే చాలంటారు కదండీ?

మావయ్య: ఆ పని చేయించుకున్న బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. గ్యాస్ కట్టరుతో కోశారు. కోసిన చోట ఉక్కు నీలంగా మారి ఉంది, అంటే అక్కడ దాని పదును పోయింది. కాలవ వంతెన దిగుతుంటే సస్పెన్షన్ అడుగుదాకా కొట్టుకుని బంప్ రబ్బరు చీలిపోయింది. చివరి చుట్టు సాపుగా లేక స్ప్రింగు గిన్నెలో ఒక పక్కకి జరిగిపోయింది కూడా. ఆ ఇంటివాళ్ళు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తున్నారప్పుడు. నాకు ఇప్పటికీ తల్చుకుంటే గుండె దడే.

మేనల్లుడు: గ్యాస్ కాకుండా చల్లగా కోస్తే?

మావయ్య: అది కొంచెం నయం. కానీ లెక్క తెలియాలి. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీస్తే అది 14 శాతం గట్టిపడుతుంది, అంతే. పొట్టితనం మాత్రం బాగా వస్తుంది. మన ఫియట్‌కి ముందు చక్రాన్ని పట్టుకునే ఉక్కు చేతులుంటాయి: పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, మధ్యలో స్ప్రింగు. ఆ స్ప్రింగు చక్రం దగ్గర లేదు, లోపలికి ఉంది. చేతి మధ్యలో ఉందనుకో, స్ప్రింగు దగ్గర అర అంగుళం తగ్గితే చక్రం దగ్గర అంగుళం దిగుతుంది. ఒక చుట్టే కదా అని కోసినవాడు రెండింతలు దిగిన బండి చూసి తెల్లమొహం వేస్తాడు.

మేనల్లుడు: మరి ఎలాంటి స్ప్రింగు చేయించాలి?

మావయ్య: పొట్టిగా, కాస్త గట్టిగా. చక్రం పైకి కదిలే జాగా తగ్గింది కాబట్టి గట్టిదనం కావాలి. తీగ మందంతో జాగ్రత్త. 12 మిల్లీమీటర్ల తీగని 13 చేస్తే గట్టిదనం దాదాపు 38 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరే! ఊరికే మందం తీగ అడిగితే నడుములు పడిపోతాయి. స్ప్రింగు గట్టిపడితే దాన్ని పట్టుకునే షాకు కూడా అందుకు తగ్గదే ఉండాలి. అందుకే రెండూ ఒకేసారి అనుకుని కొనాలి.

మేనల్లుడు: రెండంగుళాలు దించుదామంటే మీరు వద్దన్నారు.

మావయ్య: కింద చెయ్యి ఇప్పుడు కొంచెం బయటకి వాలి ఉంది చూడు. ఎక్కువ దించితే అది తిరగబడి పైకి లేస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది బండి బరువు కేంద్రం కంటే ఎక్కువ కిందకి పోతుంది, రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. కిందకి దించాం కాబట్టి ఒరగదు అనుకుంటావు, తీరా చూస్తే ఇంకా ఒరుగుతుంది. స్టీరింగు కడ్డీల వాలు కూడా మారి, గుంటలో పడితే బండి దానంతటదే పక్కకి లాగుతుంది. నాకు ఒక్క అంగుళం చాలు. దించాక అలైన్‌మెంట్ తప్పదు.

మేనల్లుడు: వెనకాల కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు కదా?

మావయ్య: రెండు దారులు. పట్టీల వంపు తగ్గించడం, లేదా ఆక్సిల్‌కీ కమానుకీ మధ్య ఉక్కు దిమ్మ పెట్టడం. ఆక్సిల్ కమాను మీద కూర్చున్న బండికే దిమ్మ పనికొస్తుంది. కమాను కింద వేలాడే బండికి పెడితే ఇంకా పైకి లేస్తుంది. దిమ్మతో పాటు పొడవు యూ బోల్టులు కొత్తవి వెయ్యాలి, పాతవి మళ్ళీ బిగించకూడదు. దిమ్మ మీద దిమ్మ అసలే వద్దు. వంపు తగ్గించాలంటే ప్రెస్సులో చల్లగా చెయ్యాలి. కొలిమిలో కాల్చి వంచితే పట్టీ మెత్తబడుతుంది. నేనైతే దిమ్మకే ఓటేస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పెయ్యొచ్చు.

మేనల్లుడు: అంబాసిడర్ ఉన్నవాళ్ళు వింటుంటారు, వాళ్ళకి?

మావయ్య: దానికి ముందు చుట్ల స్ప్రింగు లేదు, టార్షన్ బార్. పొడవాటి కడ్డీ మెలితిరిగి బరువు మోస్తుంది. కడ్డీ చివర పళ్ళు మార్చి కూర్చోబెడితే ఎత్తు మారుతుంది, కొత్త స్ప్రింగు ఖర్చు లేదు. షాకులో నూనె ఉందో లేదో మాత్రం చూసుకోండి.

మేనల్లుడు: స్ప్రింగుల బదులు గాలి సంచులు పెట్టే ఎయిర్ సస్పెన్షన్?

మావయ్య: నేను చెయ్యను. దానికోసం లోపల కొయ్యాలి. ఈ ఫియట్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. పైగా 2021లో వింటేజ్ బండ్లకి కేంద్రం రూల్సు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్‌గా గుర్తిస్తారు, కొత్తగా రిజిస్టర్ చేస్తే వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు. మామూలు బండ్లని కూడా కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఆర్టీఓ ఆఫీసులో ముందే అడుగు. రేపు మళ్ళీ అసలు రూపానికి తేవాలంటే కావాలి కాబట్టి, పాత స్ప్రింగులకి గ్రీజు రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టు.

మేనల్లుడు: అన్నిటికంటే మన రోడ్లే కదండీ అసలు పరీక్ష.

మావయ్య: అవును. లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. ఊళ్ళలో జనం వేసుకునేవాటికి ఆ లెక్క ఉండదు. లాకుల దగ్గర వంతెనలు నడుమెత్తుగా ఉంటాయి. కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యం, ఆ సగం వదిలి అంచు దిగితే బంకమట్టి. ఇక సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కడం. నాన్న ఈ కారునే నర్సాపురం పెళ్ళిళ్ళకి అలా తీసుకెళ్ళేవారు. ముందు చక్రాలు పంటులోకి ఎక్కించే పలక ఎక్కి, వెనక చక్రాలు ఇంకా ఒడ్డున ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం ఎంత దగ్గరగా వచ్చేదో నాకు గుర్తుంది. నేను పక్కన వంగి చూసి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరిచేవాణ్ణి. గోదావరి నీరు ఎంత తీస్తే పలక వాలు అంత పెరిగేది.

మేనల్లుడు: మరి అంగుళం దించితే ఎక్కుతుందా లేదా ముందే ఎలా తెలుస్తుంది?

మావయ్య: స్ప్రింగులు ఆర్డరు పెట్టకముందే తెలుసుకోవచ్చు. 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు తెద్దాం. ముందు నీ పక్కన ఒకటి, వెనక సీట్లో మూడు. ఎంత దిగిందో టేపు పెట్టి కొలుద్దాం. సైలెన్సర్ కింద, ఇంజను కింద తడి సుద్దముక్కతో రాద్దాం. మెల్లగా రేవుదాకా వెళ్ళొస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో అదే చెబుతుంది.

మేనల్లుడు: ఇవాళే వెళ్దామా?

మావయ్య: పద. సీటు మీద దుప్పటి పరుచు, నూగు అంటుకుంటుంది. బస్తా అటు పక్క నువ్వు పట్టు.