వంటపుస్తకం రాసిన బంగారక్క

నమస్తే. ఈ వీడియో కాస్త చిరాకుతోనే చేస్తున్నా, ముందే చెబుతున్నాను. స్కాట్లాండ్ వంటల గురించి చదవడం మొదలుపెడితే మెగ్ డాడ్స్ అనే పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. పల్లెటూళ్లో హోటల్ నడిపిందట, గొప్ప వంటపుస్తకం రాసిందట. ఆ హోటల్ లేదు. ఆ మనిషీ లేదు. పుస్తకం మాత్రం నిజంగానే ఉంది, 1826లో ఎడిన్‌బరాలో అచ్చయింది.

మరి రాసిందెవరు?

[తెర మీద: తోలుబొమ్మలాట]

మన తోలుబొమ్మలాట తీసుకోండి. రామాయణం మధ్యలో కాస్త సందు దొరగ్గానే బంగారక్క వచ్చేస్తుంది. ఆవిడ నోరు విప్పిందంటే జుట్టుపోలిగాడి పని అయిపోయినట్టే. జనం వచ్చింది రాముడి కోసమే అయినా తెల్లారి అరుగుల మీద చెప్పుకునేది బంగారక్క మాటలు. ఆ బంగారక్క పేరు మీద ఒక వంటపుస్తకం బజార్లోకి వచ్చిందనుకోండి. అందులో చెప్పినట్టు చేస్తే కూర కుదురుతోంది కూడా! మెగ్ డాడ్స్ సంగతి సరిగ్గా ఇదే.

బొమ్మను తయారుచేసింది స్కాట్లాండ్ నవలా రచయిత వాల్టర్ స్కాట్. 1823 చివర్లో వచ్చిన 'సెయింట్ రోనన్స్ వెల్' నవలలో ఈమె క్లీకమ్ ఇన్ అనే సత్రం యజమానురాలు. అచ్చమైన పూటకూళ్లమ్మ. పెళ్లి లేదు, అమ్మానాన్నల తర్వాత వ్యాపారమంతా తన చేతి మీదే. వంట అమృతం, నోరు గొడ్డుకారం. మొహం నచ్చకపోతే ఎంత డబ్బున్నవాడినైనా గుమ్మంలోంచే పంపించేస్తుంది. ఊళ్లో రోగాలు తగ్గించే నీటి ఊట ఉందని పేరొచ్చి, దాని పక్కన కొత్త హోటల్ వెలిసి, షోకిలా జనమంతా అటు ఎగబడినా ఈవిడ మాత్రం మెట్టు దిగదు. (ఆ నవలలో అసలు కథ నన్నంతగా పట్టుకోలేదు. మెగ్ ఉన్న పేజీలు మాత్రం మళ్లీ మళ్లీ చదువుతుంటాను.)

స్కాట్ ఈ బొమ్మను స్కాట్లాండ్‌లోని పీబుల్స్ ఊళ్లో క్రాస్ కీస్ అనే సత్రం నడిపిన మేరియన్ రిచీని చూసి గీశారని అంటారు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. రిచీ నిజం కాబట్టి పుస్తకం కూడా ఆవిడదే అనేసుకుంటారు. బంగారక్క మూతి విరుపు ఎవరిని చూసి గీశారన్నది ఒక ప్రశ్న, తెర వెనక కూర్చుని ఆడించిందెవరన్నది వేరే ప్రశ్న.

ఆడించింది క్రిస్టియన్ ఐసొబెల్ జాన్‌స్టన్. 1781లో పుట్టారు. మొదటి భర్త నుంచి విడాకులు తీసుకుని 1815లో జాన్ జాన్‌స్టన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ కాలంలో అదేమీ చిన్న సంగతి కాదు. నవలలు రాశారు, ఇన్వర్నెస్‌లో భర్తతో కలిసి పత్రిక పని చూశారు. అప్పట్లో స్కాట్ నవల అంటే జనం పడి చచ్చేవాళ్లు. సొంత పేరుతో వంటపుస్తకం వేస్తే ఎవరు కొంటారు? మెగ్ పేరుతో వేస్తే?

ఆడించడం కూడా మామూలుగా ఆడించలేదు. పుస్తకం వంటలతో కాదు, కథతో మొదలవుతుంది. స్కాట్ నవలలో కనిపించే, ప్రపంచమంతా చుట్టొచ్చిన డబ్బున్న ముసలాయన టచ్‌వుడ్ ఇందులోకీ వచ్చి, మెగ్ వంటింటి చుట్టూ 'క్లీకమ్ క్లబ్' పెట్టిస్తాడు. అందులో సభ్యుడు డాక్టర్ రెడ్‌గిల్ అనే తిండిపోతు. ఆయన స్కాట్ పాత్ర కానే కాదు, సూసన్ ఫెర్రియర్ అనే ఇంకో రచయిత్రి నవలలోవాడు. అంటే పక్క మేళం బొమ్మను ఎత్తుకొచ్చి తన తెర మీద ఆడించారన్నమాట! వంటల మధ్యలో ఈ సభ్యులు తగుదునమ్మా అని వ్యాఖ్యానాలు కూడా చేస్తుంటారు.

ఇంకో తమాషా. అప్పటికి స్కాట్ కూడా తన నవలల మీద పేరు వేసుకోవడం లేదు. నావేనని నలుగురిలో ఒప్పుకున్నది 1827లో. పేరు చెప్పని రచయిత సృష్టించిన మనిషి పేరుతో, పేరు చెప్పని ఇంకో రచయిత్రి పుస్తకం! పైగా 1826 మొదట్లోనే స్కాట్ దివాలా తీశారు, లక్ష పౌండ్లకు పైనే అప్పు. సృష్టించిన ఆయన అప్పుల్లో, ఆయన బొమ్మ అమ్మకాల్లో.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. పుస్తకం ఎడిషన్ మీద ఎడిషన్ పడింది. జాన్‌స్టన్ 1834 నుంచి ఒక పెద్ద పత్రికకు సంపాదకత్వం వహించారు, బ్రిటన్‌లో ఆ స్థాయి పత్రికను నడిపిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. దాని పేరేంటో తెలుసా? టెయిట్స్ ఎడిన్‌బరా మ్యాగజీన్. టెయిట్ అంటే పబ్లిషర్. అక్కడా ఈవిడ తెర వెనకే! 1857లో చనిపోయారు. 1929లో మేరియన్ మెక్‌నీల్ స్కాటిష్ వంటల మీద పుస్తకం రాసినప్పుడు కూడా వంటల కింద మెగ్ డాడ్స్ పేరే మాటిమాటికీ కనిపిస్తుంది.

స్కాట్లాండ్ వంటకం హాగిస్ గురించి చెబుతానని పోయిన వీడియోలో మాటిచ్చాను కదా. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఉడికించి తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాలు కలిపి, గొర్రె పొట్టలోనే కూరి కుట్టేసి ఉడికిస్తారు. బోటీ కూర తినేవాళ్లకి ఇది వింతేమీ కాదు. కుండలో అది ఉబ్బడం మొదలవగానే పెద్ద సూదితో పొడవాలి, లేకపోతే పగిలిపోతుంది. మెగ్ పుస్తకంలో ఉన్న మాటే ఇది.