8 జీబీ కార్డు సరిపోతుందా? ముందు మీ మదర్‌బోర్డు సంగతి చూడండి

నమస్తే అండీ. బెజవాడ గవర్నర్‌పేటలో అయినా, గుంటూరు అరండల్‌పేటలో అయినా షాపుకెళ్లి "గేమింగ్‌కి తక్కువలో ఒక గ్రాఫిక్స్ కార్డు చూపించండి" అన్నారనుకోండి, చూపించేవి దాదాపు 8 జీబీ మెమరీవే. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్‌ఎక్స్ 6600, 7600, అన్నీ ఆ లెక్కే. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఒకళ్లు "8 జీబీ పని అయిపోయింది" అంటారు, ఇంకొకళ్లు "నాకు సుబ్బరంగా ఆడుతోందే" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే కార్డు రెండు పీసీల్లో రెండు రకాలుగా నడుస్తుంది మరి.

వాలరెంట్, సీఎస్ 2, జీటీఏ 5 తప్ప ఇంకేం ఆడని వాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపేయొచ్చు. మీకు 8 జీబీ ఎక్కువే. గొడవంతా కొత్త సింగిల్ ప్లేయర్ గేములతో. పీఎస్ 5 గేమ్ కన్సోల్‌లో 16 జీబీ మెమరీ ఉంటుంది, సీపీయూకీ (ప్రాసెసర్) జీపీయూకీ (గ్రాఫిక్స్ చిప్పు) కలిపి. పీఎస్ 4ని వదిలేసి ఆ 16 జీబీని నమ్ముకుని గేములు తీయడం మొదలయ్యాక, 2023 నుంచి మనకి సెగ తగిలింది. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 ఆ ఏడాది మార్చిలో పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులు నానా తిప్పలు పడ్డాయి. తర్వాత ప్యాచ్‌లతో కొంత సర్దుకుందనుకోండి.

సరే, వీరామ్, అంటే కార్డు సొంత మెమరీ, నిండితే ఏమవుతుంది? గేమ్ వెంటనే ఆగిపోదు. పట్టని డేటాని విండోస్ మీ మామూలు ర్యామ్‌లోకి తోస్తుంది. కావాల్సినప్పుడల్లా అది పీసీఐఈ స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే చోటు) గుండా కార్డుకి రావాలి. లెక్క చూడండి. 4060కి తన సొంత మెమరీతో సెకనుకి 272 జీబీ వేగం ఉంది. కానీ స్లాట్ వైపు ఆ కార్డుకి 16 లేన్లు (డేటా పోయే దారులు) లేవు, 8 మాత్రమే. పీసీఐఈ 4.0 తరం బోర్డులో ఆ 8 లేన్లకి సెకనుకి సుమారు 16 జీబీ వేగం. పాత 3.0 తరం బోర్డులో 8 జీబీ. వారధి మీద పోయే బళ్లన్నిటినీ ఒక్కసారిగా ప్రకాశం బ్యారేజీ మీదకి మళ్లించినట్టే.

అసలు కిటుకు ఇదే. కార్డులో చోటు ఉన్నంతసేపూ 3.0 బోర్డైనా 4.0 బోర్డైనా పెద్ద తేడా కనపడదు. చోటు అయిపోయిన క్షణం నుంచీ తేడా మొదలు. మన దగ్గర చాలా పీసీలు ఇంకా ఏ320, బీ450, హెచ్410 బోర్డుల మీదే నడుస్తున్నాయి, అవన్నీ 3.0. ఇంకో మెలిక ఉంది: బీ550 బోర్డు కొన్నా, దాంట్లో రైజెన్ 5 5500గానీ 5600జీగానీ పెడితే స్లాట్ 3.0కే దిగిపోద్ది, ఆ ప్రాసెసర్లు అంతవరకే ఇస్తాయి. పైగా ర్యామ్ ఒకే స్టిక్ వేసుకుంటే ఆ పొంగిన డేటా చేరే చోటు కూడా నెమ్మదే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే మరీ ఘోరం, 4 జీబీ మెమరీ, 4 లేన్లు. పాత బోర్డులో దాన్ని అస్సలు పెట్టకండి.

మీ పీసీలో ఇది జరుగుతోందో లేదో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) చూస్తే తెలీదు. సగటు 60 చూపిస్తూనే, కెమెరా తిప్పగానే టక్కున ఆగుతుంది. గోడలు, బట్టలు మైనం పూసినట్టు కనపడతాయి. అదీ గేమ్ పెట్టిన అయిదు నిమిషాల్లో కాదు, ఏరియాలు మారుతూ అరగంట ఆడాక. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, జీపీయూ తెరవండి. డెడికేటెడ్ మెమరీ 7.5 దగ్గర అతుక్కుపోయి, షేర్డ్ మెమరీ 1 జీబీ దాటి పెరుగుతోంది, సరిగ్గా అప్పుడే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) గీత ఎగిరెగిరి పడుతోంది అంటే దొంగ దొరికినట్టే. షేర్డ్‌లో కొద్దిపాటి అంకె ఎప్పుడూ ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. డెడికేటెడ్ నిండుగా ఉన్నంత మాత్రాన కూడా చాలలేదని కాదు. చోటుంటే ముందే ఆక్రమించుకునే గేములు బోలెడు.

దొరికాక ఏం చేయాలి? అందరూ ముందు షాడోలు తగ్గిస్తారు. షాడోల వల్ల మిగిలే మెమరీ తక్కువ. టెక్స్‌చర్ క్వాలిటీ, అంటే గోడలు, బట్టల లాంటి వాటి మీద బొమ్మల నాణ్యత, ఒక్క మెట్టు దించండి, అల్ట్రా నుంచి హైకి. 1080పీ మానిటర్ మీద ఆ తేడా వెతికినా కనపడటం కష్టం. దించాక గేమ్ మూసి మళ్లీ తెరవండి, లేకపోతే పాత డేటా ఖాళీ అవ్వకపోవచ్చు. ఇండియానా జోన్స్ గేములో టెక్స్‌చర్ పూల్ (టెక్స్‌చర్లకి ఎంత మెమరీ కేటాయించాలో చెప్పే సెట్టింగ్) అని విడిగా ఉంటుంది, కార్డు మోయలేనంత పెడితే ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. తర్వాత రే ట్రేసింగ్ (వెలుగు నీడల్ని నిజంలా లెక్కకట్టే సెట్టింగ్) ఆపండి. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో కొత్త ఫ్రేములు తయారు చేసి చేర్చేది) కూడా మెమరీ తింటుంది, అందుకని నిండిపోయిన కార్డు మీద అది ఆన్ చేస్తే సాఫీ అవ్వడం పోయి ఇంకా గతుకులొస్తాయి. వెనకాల క్రోమ్, డిస్కార్డ్ మూసేయండి.

మరి కంపెనీలు 10 జీబీ ఎందుకివ్వవు అంటే, మెమరీ చిప్పుల లెక్క. ఒక్కో చిప్పుకి 32 బిట్ల దారి కావాలి, మామూలుగా ఒక్కోటి 2 జీబీ. 128 బిట్ కార్డులో నాలుగు చిప్పులు, 8 జీబీ. ఇంకా కావాలంటే కార్డు రెండో వైపు కూడా చిప్పులు పేర్చి 16 చేస్తారు. 192 బిట్ అయితే ఆరు చిప్పులు, 12 జీబీ. 96 బిట్ అయితే మూడే, అదే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం. దాన్ని కొత్త గేముల కోసం కొనొద్దు.

కొనేవాళ్లకి నా మాట. బోర్డు 3.0 అయితే సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ వెతకండి. దానికి 16 లేన్లు, మెమరీ ఎక్కువ. కార్డు 170 వాట్లు లాగుతుంది, మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) ఉండాలి. కొత్తదే కావాలి, డబ్బు ఉంది అంటే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, దానికీ 16 లేన్లే. ఇంటెల్ బీ580 కార్డులో 12 జీబీ ఉంది కదా అని పాత పీసీకి ఆశపడకండి. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డులో అది చతికిలపడుతుంది, ప్రాసెసర్ బలహీనమైతే ఇంకా వెనకబడుతుంది. 4.0 బోర్డు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉన్నవాళ్లకి మాత్రం మంచి బేరం.

3060లో 8 జీబీ రకం కూడా ఉంది, పెట్టె మీద పేరు ఒకటే. డబ్బు ఇవ్వకముందే కార్డుని పీసీలో పెట్టించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరవమనండి. మెమరీ సైజ్ 12288 ఎంబీ, బస్ విడ్త్ (ఇందాక చెప్పిన మెమరీ దారి) 192 బిట్ చూపించాలి. బస్ ఇంటర్‌ఫేస్ పక్కన ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ పెట్టండి, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడు అది పీసీఐఈ 1.1 అని తక్కువ చూపిస్తుంది. టెస్ట్ నడుస్తుండగా మీ బోర్డు ఇవ్వగలిగింది 16 లేన్లు అయినా అక్కడ 4 కనపడితే, కార్డుని కింది స్లాట్‌లో పెట్టి ఉండొచ్చు, తీయించి పైదాంట్లో పెట్టించండి.