ఆ రాత్రి 52,500 కరపత్రాలు: జో ఆన్ రాబిన్సన్

హోస్ట్: అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, బస్సులో తెల్లవాళ్లకు సీటివ్వనందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్ అరెస్టయింది గురువారం. సోమవారానికల్లా నల్లజాతివాళ్లు బస్సులెక్కడం మానేశారు. ఇంత తక్కువ వ్యవధిలో ఎలా కుదిరిందండీ?

అతిథి: ఆ పని అప్పటికి ఏళ్లుగా నడుస్తోంది. ఉమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అనే నల్లజాతి మహిళల సంఘాన్ని మేరీ ఫెయిర్ బర్క్స్ 1946లో పెట్టారు. 1950లో జో ఆన్ రాబిన్సన్ అధ్యక్షురాలయ్యారు. ఆవిడ అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవారు. ఆ బస్సుల్లో నల్లజాతివాళ్లను ముందు తలుపు దగ్గర డబ్బులు కట్టి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కమనేవారు. ఈలోపే డ్రైవర్ బండి లాగించేసిన సందర్భాలున్నాయి. 1954 మే 21న ఆవిడ మేయర్‌కి ఉత్తరం రాశారు: ప్రయాణికుల్లో నాలుగింట మూడొంతులు మావాళ్లే, పాతిక సంఘాలకు పైగా బహిష్కరణ గురించి మాట్లాడుకుంటున్నాయి, అని.

హోస్ట్: మరి పార్క్స్ అరెస్టయిన 1955 డిసెంబర్ 1 రాత్రి?

అతిథి: రాబిన్సన్ లాయర్ ఫ్రెడ్ గ్రేతో ఫోన్లో మాట్లాడి కాలేజీకి వెళ్లారు. అక్కడి కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషన్ దగ్గరికి తోటి అధ్యాపకుడు జాన్ కానన్, ఇద్దరు విద్యార్థులు తోడొచ్చారు. ఒక్కో కాగితం మీద సోమవారం బస్సులెక్కొద్దన్న కబురు మూడుసార్లు పడేలా స్టెన్సిల్ కొట్టి, తర్వాత మూడు ముక్కలుగా కోశారు. అలా 52,500 కరపత్రాలకు 17,500 కాగితాలే సరిపోయాయి. తెల్లవారుజామున నాలుగింటికి కట్టలు సిద్ధమయ్యాయి. ఎలా, ఎక్కడ అందించాలో సంఘంవాళ్లు ముందే మాట్లాడుకుని ఉంచారు, పంచే దారులు గీసుకోవడానికి అది పనికొచ్చింది. నా దృష్టిలో అసలు బలం అదే. ఎనిమిదింటికి పాఠం చెప్పి, ఆ తర్వాత స్కూళ్లు, దుకాణాలు, బ్యూటీ పార్లర్లు, మంగలి షాపులు తిరిగి పంచారు.

హోస్ట్: ఇంత చేసినా ఆవిడ పేరు ఎందుకు వినపడదు?

అతిథి: అది ప్రభుత్వ కాలేజీ. పేరు బయటపడితే ఆవిడ ఉద్యోగానికీ కాలేజీకీ ముప్పే. అందుకే కరపత్రం కింద ఎవరి పేరూ వేయలేదు.

హోస్ట్: కోర్టులో గెలిచింది రోజా పార్క్స్ కేసేనా?

అతిథి: కాదండీ. ఆవిడ అప్పీలు రాష్ట్ర కోర్టుల్లోనే నలిగిపోతుందని ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టులో వేరే దావా వేశారు. ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కాల్విన్ అందులో వాదులు. కాల్విన్‌ను పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందు, 15 ఏళ్ల వయసులో అరెస్టు చేశారు. ఆ నలుగురి కేసు మీదే 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు బస్సుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న కింది కోర్టు తీర్పును ఖాయం చేసింది.